ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్న మనిషి

మొన్న బాన్సువాడ బస్టాండులో బిచ్కుంద బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే జామకాయల బండి అతను ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "గా రేడియోలు బాగచేసే పెద్దమనిషి లేడా, గాయన పోయిండు. తెల్లారి నమాజుకు లేపుదామని పోతే లేవలేదట."

నిజం చెప్పాలి కదా. ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. గుండెల మీది బరువు దిగినట్టయింది. నేను ఆడిన ఒక అబద్ధం ఈ ఊళ్ళో ఆయన ఒక్కడికే తెలుసు. ఆయనతో పాటు అదీ పోయిందనుకున్నాను. దుఃఖం తరవాత వచ్చింది, బస్సు వచ్చి వెళ్ళిపోయాక. అది కూడా రాకపోయి ఉంటే నా మొహం నేను అద్దంలో చూసుకోలేకపోయేవాణ్ణి.

ఆయన్ని తలచుకుంటే ముందు గుర్తొచ్చేది ముఖం కాదు, ఎడమ చెయ్యి. అదైనా కనపడిందేమీ లేదు. పని చేస్తున్నంతసేపూ అది లాల్చీ జేబులోనే ఉండేది. స్క్రూలు విప్పడం, మూత ఎత్తడం, తీగెలు కదిలించి చూడడం, అన్నీ కుడి చేత్తోనే. మొదటిసారి చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. మంచి సామాను తీసి ఆ జేబులో వేసుకుని, పనికిరానిది లోపల పెడుతున్నాడేమోనని పక్కకు ఒరిగి మరీ చూశాను. మెకానిక్కుల మీద మనకుండే నమ్మకం అలాంటిది. చాలాకాలం తరవాత ఉండబట్టలేక అడిగేశాను.

"ఒక్క చెయ్యి పెడితే కరెంటు చెయ్యిని పట్టుకుంటది సాబ్. రెండు చేతులు పెడితే నడుమల గుండె ఉంటది," అన్నాడు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఈ ముక్క మా పుస్తకాల్లో లేదు.

ఆయన సంచిలో అరచెయ్యంత ట్రాన్సిస్టర్ ఒకటి ఉండేది. దాంట్లో పాట మోగగా నేను ఎన్నడూ వినలేదు. ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపి, ఆ సొరసొర శబ్దం వింటూ ఇల్లంతా తిరిగేవాడు. ఫ్రిజ్ దగ్గర ఆగేవాడు. ఫ్యాను రెగ్యులేటరు దగ్గర ఆగేవాడు. దేవుడి గూటికి కట్టిన రంగు బల్బుల దండ దగ్గర మాత్రం నాలుగడుగుల దూరంలోనే నిలబడి చెయ్యి చాచేవాడు. శబ్దం ఎక్కడ పెరిగితే అక్కడ దొంగ ఉన్నాడని లెక్క. చవక ఎల్ఈడీ బల్బులంటే ఆయనకు పరమ పగ. "వెలుగిస్తది, లోపట లోపట లొల్లి చేస్తది," అనేవాడు. ఫోను చార్జర్లను నమ్మడు, చేపల తొట్టి మోటారును నమ్మడు, కరెంటాఫీసును అసలే నమ్మడు. కోటగిరి దిక్కు ఒక ఊళ్ళో ఎవరింట్లోనో రేడియో సెట్టు టక్కుటక్కుమని కొట్టుకుంటుంటే, ఆ ట్రాన్సిస్టర్ పట్టుకుని మూడు పొలాలు దాటి పోయి, చెరకుకు పందులు రాకుండా కట్టిన బ్యాటరీ కంచె దగ్గర తేలాడట. కంచె ఆసామి తనది కాదని ఒట్టేశాడట. "మనిషి ఒట్టేస్తడు, రేడియో ఒట్టెయ్యది," అని ఈ కథ ముగించేవాడు.

ఇక మనుషుల సంగతి. గడపలో అడుగుపెడుతూనే ఆయన అడిగే మాట ఒకటే. "ఎవరు చెయ్యి పెట్టిండ్రు?" ఇంట్లో ఎందరుంటే అందరినీ విడివిడిగా అడిగేవాడు. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పేవాడు కాదు. తలూపి, ఆ మాటను పక్కన పెట్టుకుని, తరవాతి మనిషి దగ్గరికి వెళ్ళేవాడు. మా ఆవిడకు ఒళ్ళు మండేది.

"సెట్టు బాగచెయ్య పిలిస్తే పోలీసోని తీర్గ అడుగుతుండేంది?" అని వంటింట్లోంచి ఆయనకు వినపడేలాగే అనేది. అయినా చాయ్ పెట్టేది. ఆయన తాగేవాడు కాదు. తప్పు దొరికేదాకా చాయ్ ముట్టడు. దొరికాక రెండు కప్పులు తాగుతాడు.

మా సెట్టంటే నిజామాబాదులో చేయించుకున్న ఆంప్లిఫయరు, నడుమెత్తు రెండు స్పీకరు బాక్సులు. టీవీ కేబుల్ డబ్బా నుంచి దానికొక వైరు. నాకున్న వ్యసనం అదొక్కటే. ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది మరాఠీ గొంతు కోసం. ఒక సాయంత్రం పాట అయిపోయాక, బాక్సుల్లోంచి ఎవరో సన్నగా మరాఠీలో మాట్లాడారు. మర్నాడు మళ్ళీ. మా పక్కింట్లో బట్టల దుకాణం వాళ్ళు మరాఠీవాళ్ళు. మా ఆవిడ వెంటనే తీర్మానించేసింది.

"వాళ్ళే మనింట్ల ఏదో పెట్టిండ్రు. వాళ్ళ మాటలు మనకొస్తున్నయంటే మన మాటలు వాళ్ళకు పోతలేవా?" అంది. వారం రోజులు వాళ్ళతో మాట్లాడలేదు. నన్ను కూడా ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడమంది. చదువుకున్నవాణ్ణి, నవ్వి తీసెయ్యాల్సింది. నేనూ తగ్గించాను.

ఆయన వచ్చాడు. ఎవరు చెయ్యి పెట్టారని అడిగాడు. ఎవరూ పెట్టలేదన్నాను. బీరువా వెనక చూస్తే, బాక్సును దూరం జరపడానికి నేను తెచ్చి కలిపిన వైరు, అవసరానికి పోగా మిగిలింది పెద్ద చుట్టగా పడి ఉంది.

"గిది చెయ్యి పెట్టుడు గాదా సాబ్? గింత తీగె చుట్టపెడితే అది యేరియల్ అయితది. గాలిల ఏ స్టేషన్ పోతున్నా లోపటికి పట్టుకొస్తది," అని, మా ఆవిడ వైపు తిరిగి, "మీ మాట మాత్రం బయటికి పోదమ్మా. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు.

వైరు కురచ చేశాడు. మరాఠీ ఆగిపోయింది. రెండు కప్పుల చాయ్ తాగి వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, కోసిన వైరు ఏదని నేను వెతకడం మొదలుపెట్టాను. రాగి వైరు. సంచిలో వేసుకుపోయాడని మా ఆవిడతో అన్నాను. పెద్దమనిషి వేషాలన్నీ ఇందుకేనని కూడా అన్నాను. సాయంత్రం తలుపు మూస్తే, వెనక మేకుకు ఆ వైరు చుట్ట చుట్టి, ముడివేసి, వేలాడదీసి ఉంది. మా ఆవిడ పక్కింటికి ఒక గిన్నెడు పాయసం పంపింది, ఎందుకో చెప్పకుండా.

ఇక అసలు సంగతి. ఐదారేళ్ళయింది. ఆ వేసవిలో బోరు నుంచి ట్యాంకుకు పోయే ఇనుప గొట్టం తుప్పు పట్టి కారుతుంటే తీసేయించి ప్లాస్టిక్ గొట్టం వేయించాను. కింద మేముండే భాగంలో నల్లాలు కూడా ప్లాస్టిక్‌వి పెట్టించాను. మేడ మీద పాత ఇనుపవే ఉంచాను. కిరాయి ఇంటికి అవి చాల్లే అనుకున్నాను.

మేడ మీద అప్పుడు ముగ్గురు. రైసుమిల్లులో పనిచేసే కుర్రవాడు, అతని తల్లి, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు. ఆ అమ్మాయిది కోటగిరి దగ్గర పల్లె. గొట్టం మార్చిన కొన్నాళ్ళకు ఆమె ఒక మాట మొదలుపెట్టింది. నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటోందని.

"పొద్దుగాల బోళ్ళు తోమే టైముకే జుమ్మంటది. మాపటికి ఏం గాదు. గిదేం కరెంటు సారూ, పని చూసుకొని వస్తదా?" అని అత్తగారు మెట్ల దగ్గర నాతో అంది.

ఇంటి ఓనరును కదా, ఒక సాయంత్రం పైకి వెళ్ళి, చెప్పులతోనే నిలబడి నల్లా ముట్టుకున్నాను. ఏమీ లేదు. లేదనే చెప్పాను. ఆ అమ్మాయి నా చెప్పుల వంక చూసింది. కిందికి వచ్చాక మా ఆవిడ, "కొత్త కోడళ్ళకు పని తప్పించుకునే ఉపాయాలు మస్తుంటయి," అంది. నేను కాదనలేదు.

అదే రోజుల్లో మా సెట్టుకు గుయ్యిమనే జబ్బు పట్టుకుంది. పొద్దున పాటలు పెట్టుకుంటే అడుగున తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. కాసేపుండి పోయేది. నేను ఆయనకు కబురు పంపాను. నాలుగు రోజులైనా రాలేదు. నాకు ఓపిక తక్కువ. పెళ్ళిళ్ళకు బాక్సులు పెట్టేవాళ్ళు ఈ రొద పోవడానికి ఏం చేస్తారో చూసి ఉన్నాను. మూడు పిన్నుల ప్లగ్గులో పైనుండే లావు పిన్ను తీసేస్తారు. అది ఎర్తు పిన్ను. సామానులోకి దారి తప్పి వచ్చిన కరెంటు మనిషిని పట్టకుండా మట్టిలోకి పోవడానికి పెట్టింది. ఆ సంగతి ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకు చెప్పినవాణ్ణి. రంపం బ్లేడు తెచ్చి దాన్ని కోసేశాను. రొద పోయింది. ఆ సంబరంలో రెండు పాటలు గట్టిగా పెట్టుకుని విన్నాను.

మర్నాడు పొద్దున పైన స్నానాల గదిలో ఆ అమ్మాయి బిందె పట్టుకుని పడిపోయింది. మోచెయ్యి వాచింది. బిందెకు సొట్ట పడింది. కళ్ళు తిరిగి పడలేదు, నల్లా కొట్టిందని చెప్పింది. ఎవరూ వినలేదు. మూర్ఛ రోగం దాచిపెట్టి పెళ్ళి చేశారని అత్తగారు అంది. ఆ మాట అన్నాక ఇక వెనక్కి తీసుకోలేదు. తండ్రిని పిలిపించి పిల్లను అప్పగించేస్తానంది. కొడుకు కాదనలేదు. ఆ అమ్మాయి కాపురం ఇక ఒక్క రోజు ముచ్చట.

తండ్రి ఆటో తీసుకుని వచ్చిన పొద్దునే, ఆయనా వచ్చాడు. గేటు దగ్గరే ఆపాను.

"తగ్గింది సాబ్. ఇగ అవసరం లేదు."

"ఎట్ల తగ్గింది?"

"దానంతటదే."

"దానంతటది ఖరాబయితది సాబ్. దానంతటది బాగుకాదు," అన్నాడు. గేటు తీసుకుని లోపలికి వచ్చాడు.

అదే సమయానికి పైవాళ్ళు మెట్లు దిగుతున్నారు. ముందు తండ్రి, చేతిలో బట్టల సంచి. వెనక ఆ అమ్మాయి, ఏడ్చి ఏడ్చి ఆపేసిన ముఖం. ఆ వెనక అత్తగారు, ఇంకా మాట్లాడుతూనే ఉంది. నల్లా అన్న మాట ఆయన చెవిన పడింది. నన్ను వదిలి మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఏ టైముకు కొడుతది బేటీ?" అని అడిగాడు.

"పొద్దుగాల నీళ్ళు పట్టేటప్పుడు," అందా అమ్మాయి.

"నీళ్ళ మోటరు ఎప్పుడేస్తరు?" అని మా ఆవిడను అడిగాడు.

"గప్పుడే. పొద్దుగాల."

"సెట్టు గుయ్యిమనుడు?"

మా ఆవిడ నా వైపు చూసింది. "అదీ గప్పుడే," అంది.

ఆయన గురించి నాకు బాగా తెలిసింది ఆ పొద్దునే. వస్తువులను అనుమానించేవాడు, మనుషులను అనుమానించేవాడు, ప్రభుత్వాన్ని అనుమానించేవాడు. నొప్పి పుట్టిందన్న మనిషిని మాత్రం ఆయన ఎన్నడూ అనుమానించలేదు. అక్కడున్న మేమందరం చేసింది సరిగ్గా దానికి తలకిందులు.

సంచిలోంచి కరెంటు చూసే మీటరు తీసుకుని పైకి వెళ్ళాడు. ఒక తీగె నల్లాకు పెట్టాడు, ఇంకొకటి తడి నేలకు. కిందికి కేకేసి మోటారు వెయ్యమన్నాడు. ముల్లు లేచి నిలబడింది. ఆపమన్నాడు, పడిపోయింది. మళ్ళీ వెయ్యమన్నాడు. అత్తగారిని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టి చూపించాడు. నాలుగోసారికి ఆమె, "చాలు, ఆపుండ్రి," అంది.

"గిది మూర్ఛ గాదమ్మా. కరెంటు. నీ కోడలు చెప్పినప్పటి సంది కరెంటే," అన్నాడు.

కారణం కిందికి దిగాక తేలింది. మా ఇంటి ఎర్తు వైరును, కట్టినప్పుడు మేస్త్రీ, గుంత తవ్వే శ్రమ లేకుండా ఇనుప నీళ్ళ గొట్టానికి చుట్టేశాడు. మా దిక్కు చాలా ఇళ్ళల్లో అంతే. అప్పుడా గొట్టం భూమిలోకి పోయేది కాబట్టి నడిచింది. నేను ప్లాస్టిక్ వేయించిన రోజు నుంచి దానికి మట్టితో సంబంధం తెగింది. పాత మోటారులోంచి కారుతున్న కరెంటు గోడలో మిగిలిన ఇనుప గొట్టాలకెక్కి, మేడ మీది నల్లాలకు చేరింది.

"మరి సెట్టు ఎందుకు గుయ్యిమన్నది?" అని మా ఆవిడ అడిగింది.

"కరెంటుకు ఇంకో తొవ్వ దొరికిందమ్మా. సెట్టుకెళ్ళి కేబుల్ వైరు మీదికెళ్ళి బయటికి పోయింది. అది పోతుంటే సెట్టు మొత్తుకున్నది."

చెబుతూనే సెట్టు ప్లగ్గు ఊడబీకి వెల్లకిలా తిప్పాడు. కోసిన చోట ఇత్తడి తళతళలాడుతోంది. గదిలో అందరం ఉన్నాం. ఆ అమ్మాయి, తండ్రి, అత్తగారు, మా ఆవిడ.

"ఎవరు చెయ్యి పెట్టిండ్రు?" అన్నాడు.

విడిగా అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఏమో, అప్పుడూ చెప్పేవాణ్ణి కాదేమో. "దుకాణంల అట్లనే ఇచ్చిండ్రు," అన్నాను.

ఆయన బొటనవేలితో ఆ కోతను రుద్దాడు. వేలికి ఇత్తడి పొడి అంటింది. దాన్ని చూసి, లాల్చీకి తుడుచుకున్నాడు. దుకాణంలోనే పిన్ను లేకుండా ఇచ్చి ఉంటే సెట్టు మొన్నటిదాకా గుయ్యిమనేదే కాదు. అంత చిన్న లెక్క ఆ గదిలో ఎవరూ వెయ్యలేదు, ఆయన తప్ప.

"పిన్ను ఉన్నన్ని దినాలు కరెంటు సగం ఇట్ల పోయింది. పిన్ను పోయినంక మొత్తం పైకే పోయింది. గందుకే బిడ్డ పడ్డది," అని మాత్రం అన్నాడు.

"అంటే దుకాణపోని తప్పన్నట్టు," అన్నాడు తండ్రి.

ఆ రోజు ఆయన చాయ్ తాగలేదు. వాకిట్లో నాతోనే గుంత తవ్వించాడు. బొగ్గు, ఉప్పు వరసలు వరసలుగా పోయించి, ఎర్తు వైరు కొత్తగా దించాడు. మోటారును రివైండింగుకు పంపించాడు. సెట్టుకు కొత్త ప్లగ్గు వేశాడు. అత్తగారు బట్టల సంచిని తనే పైకి మోసుకుపోయింది. తనూ పైకి పోయే ముందు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"మీరు గాయన్ను పిలిపియ్యకపోతే ఇయ్యాల నేను మా ఊర్ల ఉంటుంటి సారూ. మీ మేలు మరువ."

"గంత మాటెందుకు బిడ్డా," అన్నాను. ఆయన నాలుగడుగుల దూరంలో మీటరు తీగెలు చుట్టుకుంటున్నాడు. విన్నాడు. తలెత్తలేదు.

ఆ తరవాత మూడుసార్లు మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడను అడిగాడు, వచ్చిన చుట్టాలను అడిగాడు, ఒకసారి పాలవాణ్ణి కూడా అడిగాడు. నన్ను మాత్రం మళ్ళీ ఏమీ అడగలేదు. సలాం పెట్టేవాడు, మర్యాదకు లోటు లేదు. గదిలో నేను కుర్చీలో కూర్చుని ఉంటే, ఆ కుర్చీని దాటి పోయేవాడు. అంత సిగ్గు నాకు ఎవరు తిట్టినా కలగలేదు.

మొన్న బస్టాండు నుంచి తిరిగి వచ్చి, మధ్యాహ్నం ఖబరస్తాన్‌కు వెళ్ళి దూరంగా నిలబడ్డాను. చివర్లో దగ్గరికి పోయి నేనూ పిడికెడు మట్టి వేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. గుట్టు తెలిసినవాడు పోతే తేలిక కావాలి కదా, కాలేదు. మర్నాడు పొద్దున మేడ ఎక్కాను. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. మొగుడు మిల్లుకు పోయాడు. అత్తగారు పిల్లలకు పూరీలు తినిపిస్తోంది. కోడలు వెనకవైపు నల్లా దగ్గర బోళ్ళు వేసుకుని కూర్చుంది.

"గా ప్లగ్గు పిన్ను దుకాణంల పోలేదు బిడ్డా. నేనే కోసిన. గుయ్యిమంటుందని కోసిన. గందుకే నువ్వు పడ్డవ్," అన్నాను. ఇన్నేళ్ళు మోసిన మాట, నాలుగు ముక్కల్లో అయిపోయింది.

ఆమె చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"తెలుసు సారూ. గాయన ఆ దినమే చెప్పిండు, పోతూ పోతూ మెట్ల మీద." కిటికీ మీది నుంచి ఒక టెస్టరు తీసి చూపించింది. కరెంటుంటే పిడిలో చిన్న బల్బు వెలిగే స్క్రూడ్రైవరు. పిడి రంగు పోయి ఉంది. "గిది గూడ ఇచ్చిపోయిండు. గుంత మంచిగనే తవ్వించిన, మోటరు గూడ బాగయితది, గని ఇంటాయన నోటికెళ్ళి నిజం వచ్చేదాంక నల్లాను నమ్మకు బేటీ అన్నడు. రోజూ పెట్టి చూసినంకనే ముట్టుకుంటున్న."

"ఇన్నేండ్లు?"

"ఆఁ. రోజూ."

ఎవరికీ తెలియదనుకుని నేను ఆమె నమస్కారాలు పుచ్చుకుంటూ వచ్చాను. పండక్కి ఆమె పంపిన సకినాలు తిన్నాను.

"ఇప్పుడు చెప్పిన గద బిడ్డా. ఇగ అది పక్కకు పెట్టు," అన్నాను.

"చెప్పిండ్రు, మంచిగైంది సారూ," అంది. కింద మా ఆవిడ మోటారు వేసింది. ఆ అమ్మాయి టెస్టరు కొనను నల్లాకు ఆనించి, పిడిలోకి చూసింది. బల్బు వెలగలేదు. టెస్టరును మళ్ళీ కిటికీ మీద, చెయ్యందే చోటే పెట్టి, నల్లా తిప్పింది.